నీరు ఆగిన చోటే తుప్పు: ఒక 1951 షెవర్లే పికప్‌ని నిలబెట్టిన వివరం

నేను మొదటిసారి చూసినప్పుడు ఈ బండి చక్రాలు నాలుగూ రిమ్ముల దాకా మట్టిలో దిగబడి ఉన్నాయి. షెవర్లే 3100, 1951 మోడల్, అర టన్ను పికప్. పైన పెద్ద చెట్టు, చుట్టూ గడ్డి. 19 ఏళ్లుగా అక్కణ్ణుంచి కదల్లేదట. డ్రైవర్ తలుపు తెరవగానే కింది అంచులోంచి చెంచాడు ఎర్రపొడి జారి నా బూటు మీద పడింది. పెడళ్ల దగ్గర రేకు లేదు, కింద గడ్డి కనిపిస్తోంది. “తుక్కుకి వేసేద్దామనే అనుకున్నా బాబూ, మీరు వచ్చి చూస్తానన్నారని ఆగాను” అన్నారు బండి ఇచ్చిన పెద్దాయన.

నేను సుత్తి తీసుకుని చాసిస్ పొడవునా జానెడు దూరానికొక దెబ్బ వేసి విన్నాను. మంచి ఇనుము గంటలా మోగుతుంది. లోపల తినేసిన ఇనుము చప్పగా డబ్‌మంటుంది. రెండు పొడుగు బీములూ మోగాయి. వెనక కమాన్ కట్ట బ్రాకెట్ ఒకటి మాత్రం డబ్‌మంది, అది మార్చుకోవచ్చు. తర్వాత చాసిస్ మూల నుంచి మూలకు టేపు పట్టి అడ్డంగా రెండు కొలతలూ తీశాను, తేడా 3 మిల్లీమీటర్లు. ఎముకలు తిన్నగా ఉన్న బండి అన్నమాట. ఆ రెండు పరీక్షలయ్యాకే బేరం మాట్లాడాను.

తుప్పు కనబడగానే గ్రైండర్ అందుకునే అలవాటు నాకూ ఉండేది. అంతకుముందు చేసిన రెండు బండ్లలో నేను అతికిన చోటే మూడో ఏడు మళ్లీ పొక్కులు లేచాయి. అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. నీళ్లు ఎటు నుంచి వచ్చాయో, ఎక్కడ ఆగాయో, బయటికి దారి ఎందుకు దొరకలేదో తేలేదాకా కటింగ్ వీల్ ముట్టను. ఈ బండికి ఆ పద్ధతిని మొదటి నుంచీ పాటించాను. ఒక్కచోట తొందరపడ్డాను, ఆ సంగతి కింద వివరంగా రాశాను.

నీటి దారి

ఈ 3100 పికప్‌లు షెవర్లే 1947లో మొదలుపెట్టి 1955 దాకా తయారుచేసిన అడ్వాన్స్ డిజైన్ వరసలోవి. పైపైన చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి గానీ ఏడాదికీ ఏడాదికీ తేడాలున్నాయి. తలుపుల్లో గాలి కోసం తిప్పుకునే చిన్న వెంట్ అద్దాలు, బెండిక్స్ కంపెనీ రకం బ్రేకులు 1951లోనే వచ్చాయి. కాబట్టి సామాను తెప్పించేటప్పుడు “అడ్వాన్స్ డిజైన్‌ది” అంటే చాలదు, ఏడాది చెప్పి తీరాలి. నా బండిది వెనక మూలల్లో వంపు అద్దాలున్న ఐదు కిటికీల క్యాబిన్. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీరు లోపలికి రావడానికి అదనంగా రెండు రబ్బర్లు కూడా ఉన్నట్టే.

బండిని షెడ్డులోకి చేర్చి, ఒక్క బోల్టు కూడా విప్పకముందే, క్యాబిన్‌లో అందిన ప్రతి బోలు సందులోకీ పొడి కాగితపు పట్టీలు దూర్చాను. వాటి మీద సుద్దపొడి రాశాను, తడి తగిలిన చోట మరక స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత మొక్కలకు నీళ్లు పోసే డబ్బాతో పైనుంచి ఒక్కో చోట ఒక్కో లీటరు, నెమ్మదిగా పోశాను. పోసిన ప్రతిసారీ పావుగంట ఆగి పట్టీలు లాగి చూడటం, తడిసిన చోటు బండి బొమ్మ మీద నీలం పెన్సిల్‌తో గుర్తుపెట్టడం. మూడు రోజులు ఇదే పని. నన్నడిగితే ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన రోజులు అవే.

బొమ్మలో తేలింది ఇది. ముందు అద్దం రెండు ముక్కలు, మధ్యలో నిలువు పట్టీ. ఆ పట్టీ అడుగున రబ్బరు ఎండి పగిలింది. అక్కణ్ణుంచి దిగిన నీరు డాష్‌బోర్డు వెనకగా తలుపు హింజ్‌లుండే స్తంభంలోకి పోతోంది. బానెట్‌కీ అద్దానికీ మధ్య పైకి లేచే గాలి మూత ఒకటి ఉంటుంది, దాని రబ్బరు అసలే లేదు. అందులోంచి ఏళ్ల తరబడి ఆకులు రాలి, కుళ్లి, నల్లటి మెత్తటి మన్నులా పేరుకున్నాయి. రెండు చేతులతో తవ్వి తీస్తే బకెట్టులో సగం వచ్చింది. ఎండాకాలంలో కూడా ఆ మన్ను లోపల చెమ్మగానే ఉంటుంది. పెడళ్ల దగ్గర రేకు మాయమైంది అందుకే. వానాకాలం నాలుగు నెలలు తడిసి మిగతా ఏడాది ఎండే రేకు చాలాకాలం బతుకుతుంది. తడి ఆకు కప్పుకున్న రేకు బతకదు.

వెనక మూలలది ఇంకో కథ. అక్కడ రేకు రెండు పొరలు, మధ్యలో బోలు. వంపు అద్దం రబ్బరు కింది నుంచి జారిన నీరు ఆ బోలులోకి దిగి అడుగున నిలిచిపోతోంది. అడుగున నీరు పోవడానికి సందు ఉంది గానీ, ఎవరో ఎప్పుడో అండర్‌కోటింగ్ (బండి అడుగున పూసే నల్లటి పూత) దట్టంగా పూసి దాన్ని మూసేశారు. తుప్పు రాకూడదని పూసిన పూతే నీటిని లోపల బంధించింది. ఆ సందు మీద పూత గీకినప్పుడు లోపలి నుంచి గోధుమరంగు నీరు కారడం నా కళ్లారా చూశాను.

ఇక అంతకుముందు జరిగిన రిపేరు. పలుచని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి (పెయింటు గీసుకోకుండా) బాడీ అంతా తడిమాను. కుడి మూల దగ్గర జానెడు మేర అది అంటుకోలేదు. తీసి చూస్తే రివెట్లు కొట్టిన రేకు ముక్క, దానిమీద 12 మిల్లీమీటర్ల మందాన లప్పం. రేకు మీద రేకు వేస్తే మధ్య సందులోకి చెమ్మ చేరుతుంది, ఆరదు. తుప్పుకి, అది పుట్టిన ఇనుము కంటే చాలా రెట్లు ఎక్కువ చోటు కావాలి. అందుకే అది రెండు రేకుల మధ్య ఉబ్బి వాటిని ఎడం చేస్తుంది, ఎడం అయ్యేకొద్దీ ఇంకా నీరు. లప్పం కింద ఉన్న పాత రేకు వేలితో నొక్కితే బిస్కట్‌లా విరిగింది.

విప్పడం, శుభ్రం చేయడం

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. ప్రతి సామానుకీ సంచి, సంచి మీద చీటీ, విప్పకముందు రెండు ఫొటోలు. మొరాయించిన నట్టుని ఎర్రబడే దాకా వేడిచేసి, కాస్త చల్లారాక కొవ్వొత్తి మైనం ఆనిస్తే కరిగి మరల్లోకి పీల్చుకుంటుంది, తర్వాత ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా తిప్పాలి. ఒకేపు బలంగా లాగితే బోల్టు తెగుతుంది. తెగిన బోల్టుల మీద నట్టు వెల్డింగ్ చేసి తీశాను. అలాంటివి మొత్తం 23 లెక్క తేలాయి.

తుప్పు వదిలించడానికి అన్నిటికీ ఒకే మందు లేదు. చిన్న సామానుకి, అంటే తలుపు గడియలు, బ్రాకెట్లు, హ్యాండ్‌బ్రేక్ లివరు వంటివాటికి, కరెంటు తొట్టి వాడాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ తుప్పు సామానుకి, పాజిటివ్ తీగ పాత ఇనప రేకుకి. రాత్రి వేస్తే తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదలా మారి బ్రష్‌కి ఊడొస్తుంది, మంచి ఇనుము మాత్రం అరగదు. ఇక్కడ జాగ్రత్తలు ముఖ్యం. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో దిగుతుంది. తొట్టిలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, ఛార్జర్ ఆపాకే క్లిప్పులు తీయాలి. స్ప్రింగులనూ గట్టిదనం పట్టించిన బోల్టులనూ ఇందులో వేయలేదు, హైడ్రోజన్ పీల్చుకుని అవి పెళుసుబారతాయి.

చాసిస్‌ని గార్నెట్ రవ్వతో బ్లాస్టింగ్ చేయించాను, అంటే గాలి ఒత్తిడితో రవ్వ కొట్టించి తుప్పు రాల్చడం. మామూలు ఇసుక వద్దే వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. బానెట్, తలుపులు, మడ్‌గార్డుల మీద మాత్రం బ్లాస్టింగ్ ఒప్పుకోలేదు. వెడల్పాటి చదును రేకు మీద రవ్వ దెబ్బలు పడితే పైపొర సాగి రేకు అలలు తిరుగుతుంది, దాన్ని మళ్లీ చదును చేయడం తుప్పు తీయడం కంటే కష్టం. వాటిని స్ట్రిప్పింగ్ డిస్కుతో చేత్తో తీశాను. గుంటల్లో మిగిలిన నలుపుకి ఫాస్ఫారిక్ యాసిడ్ పూసి, తడి ఆరకముందే రుద్ది కడిగాను. పాత పెయింటులో సీసం ఉంటుందనే లెక్కతోనే పనిచేశాను. మాస్కు తీయకుండా, దుమ్ము ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తాను.

నా తొందరపాటు

కోసి అతకాల్సినవి ఐదు: పెడళ్ల దగ్గర నేల రేకు రెండు వైపులా, ఎడమ తలుపు కింది రాకర్ రేకు, వెనక మూలలు రెండూ. సుత్తి మొన తగిలితే దిగబడే రేకు కోసేశాను. గుంటలు పడినా మందం సగానికి పైగా మిగిలిన రేకు ఉంచాను.

ఎడమ రాకర్ దగ్గరే నేను తప్పు చేశాను. ఆ రోజు నాతో పాటు పనిచేసే కుర్రవాడు అడిగాడు కూడా. “అన్నా, తలుపు ఒకసారి బిగించి చూద్దామా?” హింజ్ పిన్నులు ఇంకా రాలేదు, పాతవి అరిగి తలుపు వేలాడుతోంది. కొలతలు రాసుకున్నాను కదా అన్న ధైర్యంతో వద్దన్నాను. పైగా క్యాబిన్ అప్పటికి స్టాండ్ల మీద ఉంది, చాసిస్ మీద లేదు. రాకర్ మొత్తం వెల్డింగ్ చేశాం. పది రోజులకు కొత్త పిన్నులు వేసి తలుపు ఎక్కిస్తే పైన వెనక మూల సందు 4 మిల్లీమీటర్లు, కింద 11. తలుపు గడియ అందడం లేదు. కింది రేకు తీసేసరికి తలుపు స్తంభం వెనక్కి వాలింది, వాలిన స్థితిలోనే నేను దాన్ని అతికేశాను.

ఆ వెల్డింగ్ అంతా కోసి తీయడానికి రెండు రోజులు పట్టింది. కొత్త రాకర్ రేకూ పనికిరాకుండా పోయింది. రెండోసారి వరస ఇలా పెట్టుకున్నాను. ముందు క్యాబిన్‌ని చాసిస్ మీద, కొత్త రబ్బర్ల మీద, అసలు బోల్టులతో కూర్చోబెట్టడం. ఈ క్యాబిన్ వెనక భాగం షాకిల్స్ (కాస్త ఊగనిచ్చే ఇనప లింకులు) మీద ఆని ఉంటుంది, దాని బరువు ఎక్కడ పడుతుందనేది తలుపు సందుల్ని నిర్ణయిస్తుంది. తర్వాత తలుపు ఖాళీలో చదరపు పైపుతో అడ్డంగా, ఐమూలగా కట్టు వేయడం. కొత్త పిన్నులతో తలుపు బిగించి సందు చుట్టూతా సమానంగా తెచ్చాక, తలుపు మూసి ఉండగానే రాకర్‌ని క్లాంపులతో పట్టి టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే వెల్డింగ్ చుక్కలు) వేయడం. టాక్ వేశాక తలుపు పదిసార్లు తెరిచి మూయడం. అప్పుడు గానీ అసలు వెల్డింగ్ కాదు.

అతుకులన్నీ అంచుకి అంచు ఆనించి వేశాను, రేకు మీద రేకు ఎక్కించలేదు. కారణం పైన చెప్పిందే, సందు మిగలకూడదు. రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు, మిగ్ వెల్డింగ్‌కి (తీగ కరిగించి అతికే పద్ధతి) 0.6 మిల్లీమీటర్ల తీగ. ఒక చుక్క వేశాక పక్కనే రెండోది వేయను. జానెడు దూరం పోయి అక్కడొకటి, మళ్లీ ఇటు వచ్చి ఇంకొకటి. ప్రతి చుక్క మీదా చేతి వెనక భాగం ఆన్చి చూస్తాను, వేడి ఓర్చుకోగలిగితేనే పక్క చుక్క. ఒక్క మూలకు పూట పడుతుంది. అలా కాకుండా వరసగా లాగించేస్తే రేకు ముడుచుకుని కుంగుతుంది, ఆ కుంగుడు లప్పంతో నింపాలి, నింపితే మనం ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వస్తాం. గ్రైండింగ్ కూడా అంతే, ఆగి ఆగి చేయాలి.

కొత్తగా కొన్న మూల రేకుల్లో ఒక లోపం గమనించాను. ఆకారం చక్కగా కుదిరింది గానీ అడుగున నీరు పోయే సందు లేదు. అలాగే అతికి ఉంటే కొత్త గిన్నె తయారయ్యేది. పాత రేకు ముక్క పక్కన పెట్టుకుని అదే చోట, అదే కొలతకి కోసి అంచులు నున్నచేశాను.

ఇంజిన్, బ్రేకులు, మిగతావి

ఇంజిన్ ఈ కేసులో ప్రధానం కాదు, అయినా ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ఇది 216 క్యూబిక్ అంగుళాల, అంటే సుమారు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్. పట్టేసి ఉంది. స్పార్క్ ప్లగ్గులు తీసి ప్రతి సిలిండర్‌లో ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి పోశాను. రోజూ ఫ్లైవీల్ పళ్లకు కడ్డీ ఆనించి మెల్లగా ఊపాను. తొమ్మిదో రోజు వెంట్రుకవాసి కదిలింది. ఆ కదలిక చేతికి తెలిసిన క్షణం నేను కడ్డీ వదిలి కాసేపు అలాగే నిలబడిపోయాను.

కదిలింది కదా అని స్టార్ట్ చేయకూడదు. ఈ 216లో మెయిన్ బేరింగులకు ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది గానీ పిస్టన్లను క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్లకు అలా వెళ్లదు. ప్రతి రాడ్డు అడుగునా గరిటె మూతిలాంటి డిప్పర్ ఉంటుంది. ఆయిల్ పాన్‌లో ఒక్కో రాడ్డు కింద ఒక్కో చిన్న తొట్టె. రాడ్డు తిరిగినప్పుడల్లా డిప్పర్ ఆ తొట్టెలోంచి నూనె తోడుకుంటుంది. వేగం పెరిగాక నాజిళ్లలోంచి వచ్చే నూనెధార నేరుగా డిప్పర్‌కి తగులుతుంది. పాన్ విప్పి చూస్తే తొట్టెల నిండా గట్టిపడిన మడ్డి, రెండు నాజిళ్లు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. అలాగే నడిపి ఉంటే రాడ్ల బాబిట్ (మెత్తటి మిశ్రమలోహం) బేరింగులు కరిగిపోయేవి. శుభ్రం చేసి, రెండు రాడ్లకు సందులో పెట్టే పలుచని రేకు, అంటే షిమ్, ఒక్కొక్కటి తీసి సందు సరిచేశాను. 1954లో ఈ పికప్‌లకు వచ్చిన 235 ఇంజిన్‌లో రాడ్లకూ ఒత్తిడితోనే నూనె అందుతుంది, చాలామంది దాన్ని తెచ్చి పెట్టుకుంటారు. నేను పాతదే ఉంచాను. దాని స్వభావం తెలిసి, తొందరపెట్టకుండా నడిపితే అది నమ్మకమైన ఇంజిన్.

బ్రేకుల్లో మాత్రం పాతదనం కోసం పట్టుబట్టలేదు. అసలు మాస్టర్ సిలిండర్‌కి ఒకటే సర్క్యూట్, ఎక్కడ పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు సర్క్యూట్లది వేశాను, అది నేల కింద ఉంటుంది, ఎవరికీ కనబడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ములకు గాలి కొట్టలేదు, తడిపి తుడిచాను. పెట్రోలు ట్యాంకు ఈ మోడల్లో క్యాబిన్‌లోనే, సీటు వెనక ఉంటుంది. పాత పెట్రోలు జిగురుగట్టి ఉంది, కడిగి కొత్త మూత రబ్బరు వేశాను. వెల్డింగ్ మంట దాని దగ్గరికి రానివ్వలేదు. 6 వోల్టుల కరెంటు మార్చలేదు. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ నీరసంగా తిరుగుతోందని 12 వోల్టులకు మార్చేవాళ్లు ముందు కేబుళ్లు చూడాలి. 6 వోల్టులకు వేలు లావు కేబుల్, మెరిసేలా గీకిన ఎర్త్ కావాలి. ఆ రెండూ ఉంటే ఇంజిన్ చురుగ్గా అందుకుంటుంది.

పెయింటు ఫారెస్ట్ గ్రీన్, గ్లవ్‌బాక్స్ వెనక దొరికిన అసలు రంగు. బట్టబయలైన రేకు మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, లప్పం ఎంత కావాలన్నా ఆ ప్రైమర్ మీదే, రేకు మీద నేరుగా కాదు. టూ-కే పెయింటు (రెండు భాగాలు కలిపి కొట్టేది) గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఊపిరికి హానిచేసే ఐసోసయనేట్లు ఉంటాయి, అందుకే బయటి గాలి అందించే మాస్కుతోనే కొట్టాను. బండి వెనక సామాను వేసే తొట్టి అడుగు చెక్కపలకల్ని అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన చివర్లకి, నూనె పట్టించాకే బిగించాను. అన్నీ అయ్యాక మూసి ఉన్న ప్రతి బోలులోకీ పొడవాటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టి, కిందనున్న సందులన్నీ కడ్డీతో పొడిచి తెరిచాను.

నా పుస్తకంలో లెక్క ప్రకారం 14 నెలలు, సుమారు 900 గంటలు. అందులో కోత, వెల్డింగ్, తలుపు సందులకే 380.

బండి రోడ్డెక్కి రెండు వానాకాలాలు గడిచాయి. ప్రతి వానాకాలం చివరా అదే సుద్దపొడి కాగితాలు, దాంతోపాటు సన్నటి కెమెరా గొట్టం. మొదటి ఏడు అన్ని చోట్లా పొడిగానే ఉంది. రెండో ఏడు వెనక మూలలు, రాకర్లు పొడిగానే ఉన్నాయి. కుడి హింజ్ స్తంభంలో పెట్టిన పట్టీకి మాత్రం గోరంత మరక. పైకి వెతుక్కుంటూ పోతే ముందు అద్దం నిలువు పట్టీ అడుగున రబ్బరు ఒక దారం మందాన లేచి ఉంది. అద్దం దించి, మూల దగ్గర రబ్బరు కోత సరిచేసి, సీలెంట్ పెట్టి మళ్లీ ఎక్కించాను. స్తంభం లోపల వ్యాక్స్ కింద రేకు ఇంకా శుభ్రంగానే ఉంది. డబ్బాతో అదే చోట రెండు లీటర్లు పోసి, పావుగంట ఆగి పట్టీ లాగాను. సుద్ద చెదరలేదు.